మేనేజరుగారి ‘ఊఁ’

గుంటూరు మిర్చి కంపెనీ ఆఫీసు అప్పటికి మబ్బుల్ని దాటి పెరిగింది. పై అంతస్తులవాళ్ళు వాన పడిందో లేదో కిందివాళ్ళని అడిగి తెలుసుకునేవారు. అక్కడ గోడలూ, కుర్చీలూ, ఆఖరికి టీ కెటిలూ ఫోన్లే. కానీ ఏ ఫోను బయటికి కలవాలన్నా మేనేజరు వీరభద్రయ్యగారు ‘ఊఁ’ అనాల్సిందే.

ఓ మధ్యాహ్నం ఆయనే గుండె పట్టుకుని కూలిపోయారు. గుమాస్తా ఆదెయ్య పరుగున వచ్చాడు. ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు కొద్దీ వంగి, “అయ్యా, అంబులెన్సుకి ఫోను చేసుకోమంటారా?” అని అడిగాడు.

అయ్యగారు ఊఁ అనలేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆదెయ్యకి. ప్రాణాపాయంలో ఏ ఆఫీసు ఫోనైనా నేరుగా కలవాలని, ఎవరి అనుమతీ అక్కర్లేదని మొన్ననే చట్టం వచ్చింది. కెటిల్ మీదే 112 నొక్కాడు.

“మీరెక్కడున్నారో ఫోనే చెప్పింది. కిటికీ తియ్యి బాబాయ్, వచ్చేశాం!” అంది ఓ ఆడగొంతు.

టీ పొంగేలోగా అంబులెన్సు ఎగిరొచ్చి కిటికీకి ఆనుకుంది.

ఊపిరి అందగానే వీరభద్రయ్యగారు కళ్ళు తెరిచారు. “ఎవర్నడిగి చేశావయ్యా ఫోను?”

“మిమ్మల్నేనండీ. తమరే పలకలేదు.”

ఆయన నవ్వబోయి, దగ్గి, చివరికి “ఊఁ” అన్నారు.