డ్యూటీలో సంతోషం

సోలార్ పలకలు బాగుచేసే వకుళను కర్నూలు ఆఫీసు జైసల్మేర్ పంపింది. ఆమె విమానం వద్దని కంపెనీ మోటార్ సైకిల్ మీద బయల్దేరింది. ఆ కాలంలో బండ్లు మనిషి సంతోషాన్ని కొలిచి ఆఫీసుకు చెప్పేవి. డ్యూటీలో మూడుసార్లు సంతోషంగా దొరికితే ఉద్యోగం పోతుంది. వకుళ అప్పటికే రెండుసార్లు దొరికింది.

నాలుగో రోజు, ఇసుక దిబ్బల మధ్య ఆమె గట్టిగా పాట ఎత్తుకుంది. బండి ఆగిపోయింది. అందులోంచి మేనేజర్ చెన్నకేశవులు గొంతు వినిపించింది.

"ఏమ్మా, సంతోషంగా ఉండావంట?"

"లేదు సార్, నడుము పట్టేసి అరుస్తాండా."

"అరుపుకు రాగం యాడిదమ్మా?"

వకుళకు నవ్వు ఆగలేదు. "సరే సార్, సంతోషంగానే ఉండా. పీకేస్తే పీకేయండి!"

ఆయన గొంతు తగ్గించి, "బండి స్టార్ట్ చేస్తాండా. పాట మాత్రం ఆపొద్దు, నేనూ వింటా" అన్నాడు.