రాజుగారి గుండె ఫోటో

నరసరాజు గుండె ఇవాళో రేపో ఆగిపోతుందని అచ్యుతరావు ఏలూరంతా చెప్పుకొచ్చాడు. జిల్లా బోర్డు ఎన్నికల్లో పోటీ చేసేవాడికి అవతలివాడి ఆరోగ్యం మీద ఆ మాత్రం శ్రద్ధ ఉంటుంది. నరసరాజుకి ఒళ్లు మండిపోయింది. మద్రాసు నుంచి వచ్చిన కొత్త డాక్టరు గుండె కొట్టుకోవడాన్ని ఫోటో తీసే మిషను తెచ్చాడు కదా, పదండి, మీ ఎదుటే తీయించుకుంటానన్నాడు.

అనేశాడు గాని, మేడ మెట్లెక్కితే తనకి ఆయాసం వస్తుందని ఆయనకి తెలుసు. అందుకే గొడుగు పట్టే నెపంతో తన పడవ నడిపే సీమోనుని వెంటబెట్టుకెళ్లాడు. కొల్లేటికోట నుంచి ఏలూరు దాకా ఆగకుండా గెడ వేసే మనిషి. తలుపంత ఛాతీ. వాడి గుండె తన గుండెగా ఫోటోలో పడితే అచ్యుతరావు నోరు మూతపడుతుంది.

దేవుడి దయవల్ల మిషనూ, డాక్టరూ, చూడ్డానికొచ్చిన అచ్యుతరావూ ఒక గదిలో, రోగి ఇంకో గదిలో. అడుగుల చప్పుడుకే మిషను అదురుతుందని తలుపులు మూసేస్తారు. రోగి రెండు చేతులూ, ఓ కాలూ ఉప్పునీళ్ల తొట్లలో పెట్టి కదలకుండా కూర్చోవాలి. అక్కణ్ణించి తీగలు గోడ అవతలికి వెళతాయి. కాంపౌండరు చేతిలో నరసరాజు ఏదో పెట్టేసరికి అతను కిటికీలోంచి కాలవ అందాలు చూడడంలో మునిగిపోయాడు. సీమోను తొట్ల మధ్య కూర్చున్నాడు.

"పొద్దుటి నుంచి ఎడం చెయ్యి లాగేస్తుందండీ. ఈ నీళ్లకి తగ్గుద్దాండీ?"

తగ్గుతుంది, నోరు మూసుకోమన్నాడు నరసరాజు. పని కాగానే వాణ్ణి పెరటి దారిన పడవ దగ్గరికి పంపేశాడు.

ఫోటో కడిగి తెచ్చిన డాక్టరు మొహంలో నవ్వు లేదు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ గీత చివర్న కిందికి కుంగుతోంది, ఎంత కుంగితే గుండెకి నెత్తురు తెచ్చే నాళం అంతగా పూడిపోయినట్టు, అని వివరించాడు.

"బాగా ముదిరింది రాజుగారూ. ఇక మెట్లెక్కడం, దిగడం, బరువెత్తడం పనికిరావు. ఏ నిమిషాన్నయినా ప్రాణం మీదికి రావచ్చు."

నరసరాజు నోరు తెరిచాడు. ఆ గుండె తనది కాదంటే సీమోను బతుకుతాడు. పాపం, వాడి మీద జాలి కూడా వేసింది. కానీ పక్కనే అచ్యుతరావు కూర్చుని ఉన్నాడు. రాజుగారు తెరిచిన నోరు మూసేశాడు.

ఇక అచ్యుతరావు ఆప్యాయత చూడాలి. చెయ్యి పట్టుకుని రేవు దాకా నడిపించుకొచ్చాడు. అక్కడితో పోకుండా, మెట్ల పైన నిలబడిపోయాడు.

"జాగ్రత్తండీ. మెట్లు దిగకూడదన్నారు కదండీ."

మామూలుగా దిగితే గుండె మార్చిన సంగతి బయటపడుతుంది. కింద పడవలో కూర్చుని ఎడం చెయ్యి పిసుక్కుంటున్న సీమోనుని నరసరాజు కేకేశాడు.

"పైకి రారా. నాకు గుండెజబ్బట. నన్ను భుజానెత్తుకుని దింపు."