ఆయ్, నేనేనండి

"ఆ ఇంజెక్షన్ చెయ్యకండి."

ఏలూరులోని ఆ ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో డాక్టర్ అమరేశ్వరరావు చెప్పిన పనిని ఆపమన్నవాళ్లు అంతవరకూ లేరు. ఆపమన్నది చేరి నెల కూడా కాని నర్సు కెజియా. పేరు పిలవగానే ఆయ్ అని తలూపిన మూడో మంచం మీది ముసలామెకు సూది వెయ్యబోతున్న హెడ్ నర్సు రాజరత్నం చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎందుకు?" అన్నాడు డాక్టరు. ఆయన చెడ్డవాడేం కాదు. పొద్దుటి నుంచి నలభై మందిని చూసి అలిసిపోయాడంతే. "షుగరు నాలుగు వందల ఎనభై ఉంది. ఇన్సులిన్ ఆలస్యమైతే ఎవరిది పూచీ? పాపమ్మగారూ, కలిదిండి నుంచి వచ్చింది మీరేనా అండీ?"

"ఆయ్, నేనేనండి," అంది ముసలామె, మర్యాదకి లేచి కూర్చోబోతూ.

"షుగరు మాత్రలు వాడుతున్నారు కదండీ?"

"ఆయ్, వాడుతున్నానండి."

"విన్నావా?"

కెజియా వింది. అయినా మంచానికి అడ్డంగా నిలబడింది. ఉద్యోగం పోతుందని భయంగానే ఉంది. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఆమెను అక్కడ నిలబెట్టింది.

"మామ్మగారూ, మీ పేరేంటో మీరే చెప్పండి."

"భ్రమరాంబ అంటారమ్మా."

"ఏ ఊరండీ?"

"తాడేపల్లిగూడెం. ఉల్లిపాయల మార్కెట్టు దగ్గర మా కొట్టు. పొద్దున కళ్లు తిరిగి పడిపోతే మావాళ్లు తీసుకొచ్చారు."

కెజియా ఆమె వేలు గుచ్చి షుగరు చూసింది. యాభై రెండు. ఉన్న కాస్తా ఆ ఇన్సులిన్‌తో పడిపోతే భ్రమరాంబ మళ్లీ కళ్లు తెరిచేది కాదేమో.

"మరి పాపమ్మగారేనా అంటే అవునన్నారేంటండీ?" అన్నాడు డాక్టరు.

"డాక్టరుగారు అంత మర్యాదగా అడుగుతుంటే కాదని ఎలా అంటాం బాబూ? మీకు తెలియకుండా అడుగుతారా అనుకున్నాను."

అసలు పాపమ్మ ఐదో మంచం మీద ఉంది. గాలి ఆడటం లేదంటే ఆయా నాగదుర్గ ఆమెను ఫ్యాను కిందికి మార్చింది. కేసు షీటు మాత్రం మూడో మంచానికే ఉండిపోయింది. ఇన్సులిన్ పాపమ్మకు వేసి, భ్రమరాంబకు గ్లూకోజు ఎక్కించాక డాక్టర్ అమరేశ్వరరావు అందరినీ ఒక పక్కకు పిలిచాడు.

"నాగదుర్గా, మంచం మార్చింది నువ్వే కదా. నేను పేరు తప్పు పిలుస్తుంటే చెప్పలేదేం?"

"మీరు మాట్లాడుతుంటే మధ్యలో నేనేం మాట్లాడతానండి."

"పాపమ్మగారికి ముక్కుపుడక లేదు కదా, ఈవిడకి ఉందేంటా అని నాకూ అనిపించిందండి," అంది రాజరత్నం. "కానీ మీరడిగారు, ఆవిడ ఆయ్ అంది. ఇంక నేనేం అంటాను?"

డాక్టరుకి సిగ్గేసింది. దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"తప్పు నాది. ఇకనుంచి పేరు మనం చెప్పొద్దు, వాళ్లతోనే చెప్పిద్దాం. నేను పొరపాటు చేస్తుంటే ఎవరైనా సరే నా ముఖం మీదే చెప్పండి. అర్థమైందా?"

"ఆయ్, అర్థమైందండి," అన్నారందరూ.

"చూశారా, మళ్లీ అదే. ఏం అర్థమైందో చెప్పండి."

రాజరత్నం మాట మాటా అప్పజెప్పింది. నాగదుర్గ కూడా కాస్త తడబడుతూ చెప్పింది. అప్పుడు ఆయన కెజియా వైపు తిరిగాడు.

"నీకెలా తెలిసిందమ్మా, ఆవిడ పాపమ్మ కాదని?"

"తెలియలేదండి. ఎవరైనా ఆయ్ అంటే నాకు భయం, అంతే." ఆమె కాసేపు తటపటాయించింది. "ముఖం మీదే చెప్పమన్నారు కదండీ. నిరుడు మా మామ్మని ఈ వార్డుకే తీసుకొచ్చాం. డాక్టరుగారు ఇంకెవరి పేరుతోనో పిలిస్తే ఆయ్ అంది. ఎవరికో వెయ్యాల్సిన ఇంజెక్షన్ వేశారు. సాయంత్రానికి పోయింది. గుండె ఆగిపోయిందని రాశారు. నేను పక్కనే ఉన్నానండి. డాక్టరుగారికి అడ్డు చెప్పడమేంటని నోరు మూసుకున్నాను."

డాక్టరు నెమ్మదిగా కళ్లద్దాలు తీశాడు.

"ఎవరమ్మా ఆ డాక్టరు? పేరు నువ్వే చెప్పు."

"అమరేశ్వరరావుగారండి."