మూల కుర్చీలో ముసలామె

“ఎత్తు! ఇంకా పైకెత్తవే! ఆఁ, ఇప్పుడు విసురు!”

రింగు మూలనున్న కుర్చీలోంచి ముసలామె గొంతు చించుకుంది.

నల్ల పావడాలు కట్టిన, ‘గద్ద’ అని పేరుపడ్డ కుస్తీ మనిషి విసిరేసింది. నైదా గాలిలో గిర్రున తిరిగి చెక్కల మీద పడింది. దొర్లి లేచింది.

జనం ఈలలు వేశారు. సెవెరో కొండోరి పళ్ళు కొరికాడు. పడింది అతని కూతురు. ఒక్కతే కూతురు.

కొండల మీది ఎల్ ఆల్తో ఊళ్ళో ఆదివారం మధ్యాహ్నమంటే ఆడవాళ్ళ కుస్తీ. రేకుల షెడ్డు. సందుల్లోంచి మంచుకొండల గాలి. పొరలు పొరలుగా పావడాలు కట్టి, జడలు వేసి ఇద్దరు దిగుతారు. ఒకతె మంచిది, ఇంకొకతె చెడ్డది. రిఫరీ ఎప్పుడూ చెడ్డదాని పక్షమే. చెడ్డదాన్ని తిట్టడం, నారింజ తొక్కలతో కొట్టడం జనం పని.

సెవెరో ఇదివరకు ఎప్పుడూ రాలేదు. “నీ కుస్తీ మాట ఈ గడప లోపల ఎత్తకు,” అని కూతురికి చెప్పాడు. ఆమె ఎత్తలేదు. భార్య పోయాక ఇంట్లో మిగిలింది ఆ పిల్ల ఒక్కతే. దాన్ని కూడా పోగొట్టుకునే ఓపిక అతనికి లేదు. ఇవాళ చెయ్యి పట్టుకుని లాక్కుపోదామని వచ్చాడు.

“పిల్లని చంపేట్టుంది కదయ్యా!” అన్నాడు.

పక్కనున్న లావుపాటి మనిషి పేలాలు నములుతూ నవ్వాడు.

“మొదటిసారా అన్నా? ఇదిగో, తొక్క తీసుకో. గద్దకి గురిపెట్టు. పోయిన వారం నేను విసిరితే రిఫరీ చెవికి తగిలింది. వాడికీ కావాల్సిందేలే.”

“గద్ద సంగతి సరే. దాన్ని ఉసిగొల్పుతున్న ఆ ముసల్దెవరు?”

“ఎవరికి తెలుసు? ఎప్పుడూ ఆ మూలే కూచుంటుంది. చెడ్డవాళ్ళకీ అభిమానులుంటారు కదన్నా!”

రింగులో గద్ద మళ్ళీ నైదా నడుం పట్టుకుంది.

“పట్టు జారనీకు! ఎత్తు!” అని ముసలామె కేక వేసింది.

సెవెరో బెంచీలు దాటుకుంటూ కిందికి దిగాడు.

“ఏమే ముసలీ! నా కూతురు అక్కడ నలిగిపోతుంటే నీకు తమాషాగా ఉందా?”

ఆమె తల తిప్పలేదు. “తర్వాత మాట్లాడదాం బాబూ. అడ్డం తప్పుకో.”

“నా మొహం చూసి మాట్లాడు!”

“తప్పుకోమంటున్నానా! నాకు రింగు కనపడాలి.”

“ఏం కనపడాలి? దాని మెడ విరగడమా?”

ఆమె అతని భుజం మీదుగా రింగునే చూస్తోంది. మనిషి ఎదురుగా నిలబడి అరుస్తుంటే పురుగును చూసినట్టు కూడా చూడదేం? అతనికి ఒళ్ళు మండిపోయింది.

“ఈడ్చెయ్యన్నా దాన్ని!” అని పైనుంచి ఎవరో అరిచారు.

ఆ మాటతో పేలాలు, తొక్కలు, ఒక నీళ్ళ సీసా ముసలామె మీద పడ్డాయి. ఆమె టోపీ ఎగిరిపోయింది.

“ఈ ఒక్క పట్టు కానియ్యి బాబూ. తర్వాత నన్ను తన్నినా సరే...”

సెవెరో ఆమె శాలువా కొంగే ఆమె నోట్లో కుక్కాడు. రెక్క పట్టుకుని తలుపు దాకా ఈడ్చాడు. దారి పొడుగునా జనం చప్పట్లు కొట్టారు.

రింగులో నైదా గద్ద భుజం మీద తలకిందులుగా వేలాడుతోంది. పావడాలన్నీ జారి ఆమె తలను కప్పేశాయి. గద్ద మూల వైపు చూసింది. మళ్ళీ చూసింది. ఆమె చేతులు వణికాయి.

సెవెరో ముసలామెను బయటికి నెట్టి గడియ పెట్టాడు.

వెనక చెక్కలు దబ్బున మోగాయి.

ఈసారి నైదా దొర్లలేదు.

అదీ ఆటే అనుకుని జనం ఇంకా ఈలలు వేస్తున్నారు. రిఫరీ మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులూ ఊపాక గాని వాళ్ళ నోళ్ళు మూతపడలేదు.

సెవెరో తాళ్ళ కింద నుంచి దూరాడు. గద్ద నైదా తల పట్టుకుని ఏడుస్తోంది. అతను ఆమె జడ పట్టి లాగాడు.

“చంపేశావు కదే, రాక్షసీ!”

“దాన్నేం అనకు నాన్నా,” అంది నైదా. ఆమె పెదవులు పాలిపోయాయి. “దానికి మాత్రం ఎలా తెలుస్తుంది? అది చాలాసేపు ఆగింది. ఇక మొయ్యలేకపోయింది.”

“లే తల్లీ. ఇంటికి పోదాం.”

“కాళ్ళు ఎక్కడున్నాయో తెలియట్లేదు నాన్నా.”

ఆమె కళ్ళు మాత్రం కదిలాయి. మూలనున్న ఖాళీ కుర్చీ దగ్గర ఆగాయి.

“అసుంతా పెద్దమ్మ ఏది? పావడాలు మొహం మీద పడ్డాక మాకు నేల కనపడదు నాన్నా, అది ఎప్పుడు విసరాలో, నేను మెడ ఎప్పుడు ముడుచుకోవాలో ఆ కుర్చీలోంచి అరిచి చెప్పేది ఆవిడే.”