నాలుగో వరుస

"సార్, బోర్డు మీద తప్పు రాసిండ్రు!"

నిహారిక కేకకి ఫిలింనగర్ స్టూడియోలో లైట్లు సర్దుతున్నవాళ్లు కూడా తలలు తిప్పి చూశారు. ఆ అమ్మాయి అసిస్టెంట్ డైరెక్టరు. ఒక షాటుకీ ఇంకో షాటుకీ మధ్య చొక్కా గుండీ కూడా మారకుండా కనిపెట్టుకుని ఉండటం ఆమె పని. అవి కళ్లు కావు, భూతద్దాలు!

కౌస్తుభ్ సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. సినిమాలో హీరో సైంటిస్టు, వెనకాల నల్లబల్ల నిండా లెక్కలు కనబడాలి. జూబ్లీహిల్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కౌస్తుభ్ ఒకప్పుడు ఫిజిక్స్‌లో పరిశోధన చేశాడని ఎవరో చెబితే పిలిపించారు.

"ఎక్కడమ్మా?" అన్నాడు ఏమీ ఎరగనట్టు.

"నాలుగో లైన్ల. మీరు తెచ్చిన కాగితంల అక్షరం మీద ఎర్ర ఇంకుతోని రెండు ఏసుంది. బోర్డు మీద లేదు. జర ఏసెయ్యుండ్రి సార్. క్లాప్ కొట్టినంక మార్చనియ్యరు."

"ఉండనీ. ఎవరు చూడొచ్చారు?"

ఎవరు చూస్తారో అతనికి తెలుసు. మనోజ చూస్తుంది. చూడాలనే ఆ రెండు వెయ్యలేదు.

కృష్ణ పదార్థమని ఒకటుందట. విశ్వమంతా అదే నిండి ఉంటుంది గానీ కంటికి ఆనదు, మన ఒంట్లోంచి దూరి వెళ్లినా తెలియదు. దాని కణం మామూలు పరమాణువుకి తగిలితే ఎలా తగులుతుందో చెప్పే నమూనా ఒకటి కౌస్తుభ్, మనోజ కలిసి యూనివర్సిటీలో నాలుగేళ్లు కట్టారు. ఎక్కడా అచ్చు కాలేదు, వాళ్లిద్దరికే తెలుసు. నాలుగో వరుసకి వచ్చేసరికి కౌస్తుభ్ ప్రతిసారీ వర్గం, అదే అక్షరం మీద రెండు, వెయ్యడం మర్చిపోయేవాడు. "కేంద్రకంలో ఉన్నవన్నీ ఒక్కటై తగులుతాయి మహానుభావా, విడివిడిగా కాదు! అందుకే వర్గం!" అంటూ మనోజ ఎర్ర పెన్నుతో మీద పడేది. తప్పు కనబడితే ఆ మనిషికి అన్నం సహించదు. క్యాంటీన్ గోడ మీద టిఫిన్ల పట్టీని కూడా దిద్దేసేది.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీ తప్పుతాయని, ఆ వైటూకే పనులకి మనుషులు కావాలనగానే కౌస్తుభ్ నమూనాని సగంలో వదిలేసి ఉద్యోగంలో చేరాడు. మనోజ ఒక్క మాట కూడా అనలేదు. ఆ నెలలోనే ఊరు విడిచి వెళ్లిపోయింది. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. రెండేళ్లుగా అతను అడగని మనిషి లేడు. కానీ ఏ ఊళ్లో ఉన్నా ఈ హీరో సినిమా మొదటి ఆట వదలదు. చూస్తే తెలుస్తుంది, తెలిస్తే తిట్టకుండా ఉండలేదు. ఆ తిట్లు మళ్లీ వినాలని అతని ప్రాణం కొట్టుకుపోతోంది.

"తప్పని తెల్సి గూడ గట్లనే ఉంచుమంటరా?" నిహారిక వదల్లేదు. "చదువుకున్నోళ్లు చూస్తే మీ ఇజ్జత్ పోదా సార్?"

"పోతే పోనీ! నీకు దణ్ణం పెడతాను తల్లీ, దాని జోలికి వెళ్లకు."

అతను నిజంగానే రెండు చేతులూ జోడించాడు. నిహారిక జాలిగా చూసి, "సరే సార్, మీ ఇష్టం" అని పక్కకి తప్పుకుంది. క్లాప్ పడింది.

సినిమా శుక్రవారం విడుదలైంది. హీరో వెనకాల నాలుగో వరుస తెరంత వెడల్పున కనబడింది. టైటిల్స్‌లో నల్లబల్ల రాసినవాళ్ల పేర్లెవరు వేస్తారు? అందుకే మనోజ సినిమా ఆఫీసుకే ఫోన్ చేస్తుందని అతని ఆశ. అక్కడ తన నంబరుంది, అడిగితే ఇస్తారు. శని, ఆదివారాలు స్నానానికి వెళ్లినా ఫోన్ మోత వినబడాలని తలుపు తీసే ఉంచాడు.

సోమవారం పొద్దున ఫోన్ మోగింది. నిహారిక.

"నేను చెప్పిన్నా లేదా సార్? మనోజ అంట, ఒకామె ఆఫీసుకు ఫోన్ చేసింది. నాలుగో లైన్ తప్పని నన్ను దులిపి పెట్టింది!"

కౌస్తుభ్‌కి ప్రాణం లేచొచ్చింది. "నంబరు? నంబరిచ్చిందా?"

"ఏడియ్యలే. రోడ్డు మీద ఏదో పీసీవోనట. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి సార్, అంత నేను చూసుకున్న."

"ఏం చూసుకున్నావు?"

"గది రాసింది కౌస్తుభేనా అని మూడుసార్లడిగింది. మీ ఇజ్జత్ పోవద్దని, గా పేరుగల్లోళ్లు మా సినిమాకు పనే చెయ్యలేదమ్మా, మా పెయింటర్ యాడనో దొరికిన పాత కాగితం చూసి రాసిండని ఒట్టేసి చెప్పిన. పాపం, ఎందుకో ఏమో సార్, ఏడ్సుకుంట ఫోన్ పెట్టేసింది."