గులాబీ రంగు పొరలు

“మనవాళ్ల స్లైడు మనం చూడకూడదు. ఆ సంగతి నీకు తెలియదా?” అన్నారు పెద్ద డాక్టరు.

చిన్న డాక్టరమ్మకు తెలుసు. ఈ ల్యాబులో చేరిన రోజే ఆయన చెప్పిన మాట అది. కానీ పై అంతస్తులో ఆమె తమ్ముడు వెంటిలేటరు మీద ఉన్నాడు. వాడి ఊపిరితిత్తుల్లోంచి తీసిన చిన్న ముక్క నిన్ననే ఇక్కడికి వచ్చింది. ఆమె ఎవరి మాటా వినే స్థితిలో లేదు. చూపించకపోతే బీరువాలన్నీ తానే వెతుక్కుంటానని మొండికేసింది.

“వాడిది నేను చూశాను. చెప్తాను, ఉండు,” అంటూ ఆయన లోపలి గదిలోకి బయల్దేరారు. నాలుగడుగులు వేసి, గోడ పట్టుకుని ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ కదిలారు. చాటుగా అందరూ ఆయన్ని పాత లిఫ్టు అంటారు. రోజూ నవ్వుకునే ఆ నిదానానికి ఇవాళ ఆమెకు ఒళ్లు మండింది.

తెచ్చిన స్లైడుకు లేబుల్ మీద టేపు అంటించి ఉంది. పేరు తెలిస్తే కన్ను మోసపోతుందని, ఆయన ఎవరికి నేర్పినా ఇలాగే నేర్పుతారు.

“ఏం కనిపిస్తోందో చెప్పు.”

ఆమె మైక్రోస్కోపు మీదికి వంగింది. ముందు రంగు చూసి విసుక్కుంది. వెలిసిపోయినట్టుంది, ల్యాబువాళ్లు తొందరలో సరిగ్గా పట్టించలేదు కాబోలు. ఆ తర్వాత మర తిప్పి ఫోకస్ సరిచేసింది. గాలి నిండాల్సిన చిన్న చిన్న గదుల గోడల వెంట, పాల మీద మీగడలా, గులాబీ రంగు పొరలు. ఒక్క మూలైనా బాగుండకపోతుందా అని స్లైడును ఇటూ అటూ జరిపింది. ఎక్కడ చూసినా అవే.

“అంతటా పొరలే సార్. గోడలు ఉబ్బిపోయాయి. మొత్తం దెబ్బతింది.”

“ఈ మనిషి బతుకుతాడా?”

ఐసీయూ బయట కూర్చున్న అమ్మకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియలేదు.

“ఇంత దెబ్బతిన్నాక ఎవరు బతుకుతారు సార్?” అని ఏడ్చేసింది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయాసం తీరేదాకా ఆగి, టేపు మెల్లగా ఒలిచారు. లేబుల్ మీద ఇరవై ఏళ్ల కిందటి తేదీ ఉంది.

“మీ తమ్ముడిదీ అచ్చం ఇలాగే ఉందమ్మా,” అన్నారు.

“ఇది మాత్రం నాది.”