నవ్వుకి చోటు

మూడో సీటు కూడా పిట్టను కరిచింది.

ఒంటి వంపును బట్టి చక్రాల కుర్చీలకు సీట్లు చేయడం సీట్లక్క పని. చిన్నారి పిట్టకి వెన్ను నిలవదు, పక్కకి ఒరిగిపోతుంది. ఎంత జాగ్రత్తగా చెక్కినా కుడి తుంటి మీద మళ్ళీ అదే పుండు.

"ఈసారీ మానకపోతే ఇక మంచమేనన్నాడు డాక్టరు." అంది తల్లి. "బడీ లేదు, వీధీ లేదు. నా బిడ్డకి లోకమంటే ఇంటి పైకప్పే అక్కా."

సీట్లక్క పూసల సంచి పరిచి పిట్టను అందులో కూర్చోబెట్టింది. పంపుతో గాలి లాగేస్తే సంచి రాయిలా బిగుసుకుంటుంది. ఒంటి అచ్చు అందులో దిగుతుంది.

"కదలకూడదు బంగారం. బొమ్మలా ఉండాలి."

"సీటు బొమ్మకా చేస్తున్నావు?"

మాట మూలనుంచి వచ్చింది. అక్కడ ఫోమ్ దిమ్మ మీద ఒక ముసలామె ఒక పక్కకి ఒరిగి కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో!

పిట్టకి నాయనమ్మ కాబోలు అనుకుంది సీట్లక్క.

"కాస్త ఊరుకోండి పెద్దమ్మా. పని చెడుతుంది."

"ఇన్నాళ్ళూ ఊరుకునే ఉన్నాను. కదలనివ్వకుండా తీసిన అచ్చు శవానికి సరిపోతుందే, మనిషికి కాదు."

గదిలోకి చలి పాకినట్టయింది. తల్లి పిట్ట చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మరేం చెయ్యమంటారు?" అంది సీట్లక్క.

"నవ్వించు. నవ్వితే ఒళ్ళు ఏ పక్కకి విసురుతుందో చూడు. నన్నెవరూ నవ్వించి చూడలేదు."

ముసలాళ్ళ చాదస్తం అనుకుంది సీట్లక్క.

"నా మొహానికి నవ్వు కూడానా? పాలు విరుగుతాయి!" అంది మూతి ముడిచి.

పిట్ట పకపకా నవ్వింది. నవ్వుతోపాటు ఒళ్ళంతా కుడివైపుకి ఎగిరింది. తుంటి సంచిని ఫెడీమని గుద్దుకుంది.

సరిగ్గా పుండు పడే చోటే.

సీట్లక్క నోరు తెరిచింది. గబగబా సంచి వదులు చేసి, "ఏదీ, ఇంకోసారి నవ్వు తల్లీ!" అంటూ ఆ విసురుకి చోటుంచి గాలి లాగింది.

కొత్త సీటు బిగించిన రోజున కూడా ముసలామె అదే మూల, అదే ఒరుగు. పలకరిస్తే పలకలేదు. సాయంత్రం దాకా పిట్ట వంకే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం పిట్టను దింపి తుంటి చూశారు. ఎరుపు కూడా లేదు.

తల్లి ఏడ్చేసింది. "ఇంక బడికి పంపొచ్చా అక్కా?"

"నిక్షేపంగా! ఈ గొప్ప నాది కాదమ్మా, మీ అత్తగారిది."

"మా అత్తగారా? ఆవిడ మీ పెద్దమ్మ కదా! మీరలాగే పిలిచారు..."

ఇద్దరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు.

దిమ్మ ఖాళీగా ఉంది. తలుపు వేసింది వేసినట్టే ఉంది. ఆమె లేచి నిలబడగా ఇద్దరిలో ఎవరూ, ఏనాడూ చూడలేదు.

ఫోమ్‌లో ఆమె కూర్చున్న గుంత మాత్రం ఇంకా పూర్తిగా పైకి లేవలేదు. సీట్లక్క అందులో అరచెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. ఎడమ తుంటి ఎత్తు, కుడివైపు లోతు, పైన మెలిక.

మనసు కంటే ముందు చేతులు గుర్తుపట్టాయి.

మనిషిని కళ్ళతో చూడకుండా, పొరుగూరి నుంచి వచ్చిన అచ్చును నమ్ముకుని తను చెక్కిన మొట్టమొదటి సీటులో కూర్చుని, పుండు ముదిరి చనిపోయిన ఆవిడ వంపు అది.